విత్తనం సంచికి ఉన్నట్టే భుజానికీ లాట్ నంబరు

ఈసారి పంట గురించి కాదు, భుజం గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగుంది, తీరిగ్గా చదవండి.

యాభై దాటిన మనలో భుజం నొప్పి తెలియనివాళ్లు తక్కువ. 16 లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని, ఒక చేత్తో పంపు కొడుతూ ఇంకో చేత్తో మందు జల్లుతూ ఏళ్ల తరబడి తిరిగిన భుజం ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మోకీలు మార్పిడి ఇప్పుడు ఊరూరా తెలిసిందే. భుజం కీలు కూడా మారుస్తారన్న సంగతి ఈమధ్యే మనదాకా వస్తోంది. మార్పించుకుంటే ఎన్నాళ్లు ఉంటుంది, మళ్లీ పని చేసుకోవచ్చా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. పక్కింటాయనకి బాగుంది కాబట్టి మనకీ బాగుంటుంది అనుకోవడం, పక్క చేలో కాసింది కాబట్టి మన చేలోనూ అదే విత్తనం కాస్తుంది అనుకోవడం లాంటిదే. సరైన జవాబు కావాలంటే వేలమంది లెక్క చూడాలి. ఆ లెక్క కొన్ని దేశాలు రాసి పెట్టుకున్నాయి.

దాన్ని రిజిస్ట్రీ అంటారు. మన అడంగల్ లాంటిదే, తెలంగాణ వాళ్లకి పహాణీ. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఏటా రాసినట్టు, ఏ మనిషికి, ఏ ఆసుపత్రిలో, ఏ కంపెనీ ఏ మోడల్ కీలు వేశారో అక్కడ రాస్తారు. అదే భుజం మళ్లీ కోయాల్సి వస్తే అదీ అదే పేరు కింద ఎక్కుతుంది. స్వీడన్ మోకాళ్లకి 1975లోనే మొదలుపెట్టింది. భుజాలకి నార్వే 1994 నుంచి, డెన్మార్క్ 2004 నుంచి, ఇంగ్లాండ్ 2012 నుంచి రాస్తున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా రాస్తున్నాయి.

ఈ లెక్కల్లో అన్నిటికంటే ముందు కనపడేది కీలు రకం మారిపోవడం. మన భుజంలో చేతి ఎముక చివర గుండు, రెక్క ఎముకకి చిన్న గిన్నె ఉంటాయి. గుండు గిన్నెలోంచి జారకుండా నాలుగు చిన్న కండరాలు మోకుల్లాగా లాగి పడతాయి. పాత పద్ధతిలో గుండు ఒక్కటే మార్చేవాళ్లు, లేకపోతే గుండూ గిన్నే రెండూ మార్చేవాళ్లు. కానీ ఆ మోకులు తెగిపోయిన మనిషికి ఎంత మంచి గుండు వేసినా చెయ్యి పైకి లేవదు. 1985లో ఫ్రాన్స్ దేశం దిజోన్ ఊళ్లో పాల్ గ్రామోఁ అనే డాక్టరు దాన్ని తిరగేశాడు. గుండుని రెక్క ఎముకకి, గిన్నెని చేతి ఎముకకి బిగించాడు. అప్పుడు తెగిన మోకులతో పని లేకుండా భుజం మీదుండే పెద్ద కండ ఒక్కటే చేతిని లేపుతుంది. దీన్నే రివర్స్ అంటున్నారు.

మొదట్లో ఇది మోకులు తెగి కీలు అరిగిన ముసలివాళ్లకే. తర్వాత పెద్ద వయసులో పడి భుజం విరిగినవాళ్లకి, ఇప్పుడు మామూలు అరుగుదలకి కూడా వేస్తున్నారు. రిజిస్ట్రీల్లో గుండు ఒక్కటే మార్చే ఆపరేషన్లు ఏటికేడు తగ్గిపోయాయి. ఆస్ట్రేలియాలో, ఇంగ్లాండ్‌లో ఇవాళ సగానికి పైగా రివర్సే.

ఇక ఎన్నాళ్లు ఉంటుంది? ఆ దేశాల లెక్కలన్నీ కలిపి చూస్తే పదేళ్ల తర్వాత కూడా పదిమందిలో సుమారు తొమ్మిది మందికి వేసిన కీలు అలాగే ఉంది. మంచి మాటే. కానీ వయసు చూడకుండా ఈ మాట పట్టుకోకండి. 1998 నుంచి 2017 దాకా ఇంగ్లాండ్ ఆసుపత్రుల లెక్కల మీద 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. 55 నుంచి 59 ఏళ్ల మధ్య మార్పించుకున్న మగవాళ్లలో నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఆపరేషన్ తప్పదు. 85 దాటిన ఆడవాళ్లలో అయితే 37 మందిలో ఒకరికే. మన వయసు ఏ వరసలో ఉందో చూసుకోండి. పైగా రిజిస్ట్రీల్లో ఉన్నవాళ్ల సగటు వయసు 70 చుట్టుపక్కల. పనులు మానేసినవాళ్లే ఎక్కువ. వాళ్ల భుజం నిలబడిందంటే 45 కిలోల యూరియా బస్తా ఎత్తే భుజం కూడా నిలబడుతుందని కాదు. మార్చిన భుజంతో బరువులెత్తడానికి డాక్టర్లు హద్దు పెడతారు.

ఇంకో లోపం ఉంది. రిజిస్ట్రీ ముఖ్యంగా లెక్కపెట్టేది రెండో ఆపరేషన్‌ని. నొప్పి భరిస్తూ, చెయ్యి లేవకపోయినా ఇంట్లో కూర్చున్నవాడు ఆ లెక్కలో బాగున్నట్టే. అందుకే డెన్మార్క్‌లో ఏడాది తర్వాత మనిషికే కాగితం పంపి ఎట్లా ఉందో అడుగుతారు.

ఈ పుస్తకం వల్ల అసలు లాభం చెడ్డ సరుకు పట్టుబడటం. గిన్నె వెనక లోహం ఉన్న రకం తొందరగా చెడిపోతోందని ఆస్ట్రేలియా రిజిస్ట్రీలోనే తేలింది. తుంటి కీళ్ల విషయంలో మనకీ తగిలింది. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి కీలు మీద ఆస్ట్రేలియా లెక్కలు 2007లోనే హెచ్చరించాయి. 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో అది సుమారు 4,700 ఆపరేషన్లలో వేశారు. తర్వాత ఆచూకీ దొరికింది వెయ్యి మంది పైచిలుకు. మిగతావాళ్లకి తమ ఒంట్లో ఏముందో చెప్పేవాళ్లే లేరు.

మన దగ్గర తుంటికి, మోకాలికి డాక్టర్ల సంఘం 2006 నుంచి నడిపే రిజిస్ట్రీ ఉంది. రాసేవాళ్లు రాస్తారు, లేకపోతే లేదు. భుజానికి అందరూ రాసి తీరాల్సిన జాతీయ పుస్తకం లేదు. కాబట్టి మన పుస్తకం మనమే పెట్టుకోవాలి. ఎవరైనా భుజం మార్చాలంటే ఇవి అడగండి:

1. నిజంగా మార్చాల్సినంత అరిగిందా? భుజం పట్టేయడం, ముఖ్యంగా షుగరున్నవాళ్లకి, వేరే జబ్బు. చాలా నొప్పులు వ్యాయామంతో, మందులతో తగ్గుతాయి.
2. ఏ రకం వేస్తారు, నాకు అదే ఎందుకు?
3. మీరు ఏడాదికి ఎన్ని భుజాలు చేస్తారు? ఏడాదికి పది లోపు చేసే సర్జన్ల దగ్గర మళ్లీ ఆపరేషన్ ఎక్కువ అవసరమైందని ఇంగ్లాండ్ లెక్క.
4. చేశాక నేను ఏ పని చెయ్యచ్చు, ఎంత బరువు ఎత్తచ్చు? మన పని ఏంటో విడమరిచి చెప్పి అడగండి.
5. కీలు డబ్బాతో వచ్చే స్టిక్కరు నా డిశ్చార్జి కాగితం మీద అంటించండి. కంపెనీ, మోడల్, లాట్ నంబరు అందులోనే ఉంటాయి.

విత్తనం మొలవకపోతే బిల్లూ, సంచీ, లాట్ నంబరూ పట్టుకునే కదా ఆఫీసుకి పోతాం. అవి లేనివాడి మాట ఎవరూ వినరు. సంచి పోతే ఒక పంటే పోతుంది, ఈ స్టిక్కరు పోతే ఒంట్లో ఏముందో చచ్చేదాకా తెలియదు. మీ ఊళ్లో ఇప్పటికే కీలు మార్పించుకున్నవాళ్లుంటే, తుంటి అయినా, మోకాలైనా, భుజమైనా, కాగితాలు తీసి స్టిక్కరుందో లేదో చూడమనండి. లేకపోతే ఆసుపత్రికి పోయి కేస్ షీటు నకలు అడగమనండి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కాగితాలు దొరకడం కష్టమవుతుంది.