బాలానగర్... మైక్రాన్ల బస్తీ!

వెంట్రుక మందంలో ఏడో వంతు తేడా వచ్చిందా... ఆ వస్తువు తుక్కు కిందే లెక్క! అలాంటి లెక్కల మధ్యే తెల్లారి, పొద్దుపోయే వాడ ఒకటి హైదరాబాద్‌లో ఉంది.

భాగ్యనగరం చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ బాలానగర్‌ను జాబితాలో రాసుకోరు. అక్కడ చార్మినార్‌ లాంటి కట్టడం లేదు, ట్యాంక్‌బండ్‌ లాంటి గాలీ లేదు. 2021 జులైలో ప్రారంభమైన ఫ్లైఓవర్‌ ఎక్కితే క్షణాల్లో దాటేయొచ్చు కూడా. వంతెన దిగి పారిశ్రామికవాడ గల్లీల్లోకి మళ్లితే మాత్రం వేరే లోకం. ఒక షెడ్డులోంచి గ్రైండర్‌ రొద, పక్క షెడ్డులోంచి కూలెంట్‌ వాసన, గుమ్మం ముందు బస్తాల నిండా మెలికలు తిరిగిన లోహపు తుక్కు. టీ బండి దగ్గర నలుగురు చేరితే మాట్లాడుకునేది ‘జాబ్‌’ గురించే. జాబ్‌ అంటే ఉద్యోగం అనుకునేరు... ఇక్కడ జాబ్‌ అంటే మిషను మీద చెక్కే ముక్క!

పెద్ద చెట్ల నీడలో

1960ల్లో ఇక్కడ ఐడీపీఎల్‌ మందుల కర్మాగారం వచ్చింది. 1965లో హెచ్‌ఏఎల్‌ ఏవియానిక్స్‌ విభాగం మొదలైంది. వాటి చుట్టూ చిన్న చిన్న వర్క్‌షాపులు మొలిచాయి. పనివాళ్లను తయారు చేయడానికి 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టూల్‌ డిజైన్‌ను నెలకొల్పింది. పదో తరగతి పాసై జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఎందరో ఇక్కడ డిప్లొమా చేసి డిజైనర్లయ్యారు. 1970లో పుట్టిన ఎంటార్‌ సంస్థ అణు రియాక్టర్ల విడిభాగాలతో మొదలై ఇస్రో వికాస్‌ ఇంజిన్ల దాకా వెళ్లింది. ఐడీపీఎల్‌లో ఉత్పత్తి ఆగిపోయి చాలా ఏళ్లయినా, పేరు మాత్రం బస్టాపుగా బతికే ఉంది!

తెర మీద గీత... లోహం మీద కోత

ఒకప్పుడు నీలి కాగితం మీద డ్రాయింగ్‌ వచ్చేది. టర్నర్‌ దాన్ని చదివి, లేత్‌ చక్రాలు చేత్తో తిప్పుతూ జాబ్‌ చేసేవాడు. ఇప్పుడు క్యాడ్‌ సాఫ్ట్‌వేర్‌లో డిజైనర్‌ ఆ ముక్క బొమ్మను కంప్యూటర్‌ తెర మీదే నిలబెడతాడు, తిప్పి చూస్తాడు. ఏ టూల్‌ ఎటునుంచి వెళ్లి ఎంత లోతు కోయాలో క్యామ్‌ సాఫ్ట్‌వేర్‌ దారి గీస్తుంది. ఆ దారే అంకెలూ అక్షరాలుగా మారి సీఎన్‌సీ మిషనుకు చేరుతుంది. జీ00 అంటే వేగంగా కదులు, జీ01 అంటే కోస్తూ తిన్నగా వెళ్లు, ఎం03 అంటే స్పిండిల్‌ తిప్పు... ఇదీ దాని భాష.

ఈ విద్య పుట్టింది అమెరికాలో. హెలికాప్టర్‌ రెక్కల వంపులను కచ్చితంగా రూపొందించాలన్న జాన్‌ పార్సన్స్‌ ఆలోచన దీనికి బీజం. 1952లో ఎంఐటీ శాస్త్రవేత్తలు చిల్లులు పొడిచిన టేపుతో నడిచే మిల్లింగ్‌ మిషన్‌ను ప్రదర్శించారు. ఇప్పుడు టేపు పోయింది, కంప్యూటర్‌ వచ్చింది.

చుక్క మరిస్తే చిక్కే!

మిషను చెప్పింది చేస్తుంది, చెప్పనిది ఊహించుకోదు. కొన్ని కంట్రోలర్లలో 10 పక్కన చుక్క పెట్టకపోతే 10 మిల్లీమీటర్లు కాదు, 10 మైక్రాన్లు అనుకుంటుంది. ఒక్క తప్పు అంకెతో టూల్‌ వెళ్లి బిగింపునే గుద్దేయొచ్చు. వెల్డింగ్‌తో అతికిద్దామంటే ఇలాంటి పనుల్లో ఎవరూ ఒప్పుకోరు. పోయిన ముక్క పోయినట్టే. మిషను కోసం బ్యాంకు నుంచి అప్పు తెచ్చిన చిన్న యజమానికి ఆ నష్టం నెల వాయిదా మీద పడుతుంది.

ఎండలూ శత్రువులే. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. అందుకే కొలతల గదిని 20 డిగ్రీల దగ్గర ఉంచుతారు. కెంపు గోళీ తొడిగిన సన్నటి పుల్లతో మిషను ఆ ముక్కను ముట్టుకుంటూ కొలుస్తుంది. బయట మే నెల భగ్గుమంటుంటే లోపల లోహానికి ఏసీ అన్నమాట!

మరి చేతి పనివాడు?

సీఎన్‌సీ రాకతో చేతి లేత్‌ల పని తగ్గింది. ఒకే ఆపరేటర్‌ రెండు మిషన్లు చూసుకుంటున్న చోట రెండోవాడి కొలువు ఏమైందన్న ప్రశ్న మిగిలే ఉంది. అయితే పాత టర్నర్ల అవసరం పూర్తిగా తీరిపోలేదు. పలచటి ముక్కను వంగకుండా ఎలా బిగించాలి, టూల్‌ మొద్దుబారితే కోత శబ్దం ఎలా మారుతుంది... ఇవి వాళ్ల చేతికీ చెవికీ తెలిసిన సంగతులు. ప్రోగ్రామ్‌ రాసే కుర్రాడికి ఆ అనుభవం తోడైతేనే మొదటి ముక్క సరిగా వస్తుంది. అందుకే కొత్త మిషన్ల పక్కన ఒక పాత లేత్‌ను అట్టేపెట్టుకున్న షెడ్లున్నాయి. ఒక్క బుష్‌ అర్జెంటుగా కావాలంటే ప్రోగ్రామ్‌ రాసేలోపు అది పని ముగించేస్తుంది మరి!

ఈసారి ఆ వంతెన మీదుగా వెళ్తే ఒక్కసారి కిందికి చూడండి. ఆ రేకుల షెడ్లు పైకి మామూలుగానే కనిపిస్తాయి. వాటి కింద మాత్రం మనుషులు మైక్రాన్లతో కుస్తీ పడుతుంటారు.