చెన్నపట్నంలో చదరంగం దారి

చెన్నపట్నానికి బంధువులొస్తే చూపించే జాబితా మన ఇళ్ళన్నిటిలోనూ ఇంచుమించు ఒకటే. మెరీనా బీచి, మైలాపూరు కపాలీశ్వరుడు, తిరువళ్ళిక్కేణి పార్థసారథి, పాండీబజారులో బట్టలు, తీరిక ఉంటే మహాబలిపురం. వచ్చినవారికి పిల్లలుంటే గిండీ పాముల పార్కు అదనం. ఆ జాబితాకి ఇంకో దారి చేర్చమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అది చదరంగం దారి. రెండు రోజుల్లో హాయిగా చూసి రావచ్చు.

ఈ దారి నేను కనిపెట్టింది కాదు. బెజవాడ నుంచి మా మేనకోడలు పదేళ్ళ కొడుకుని తీసుకుని వచ్చింది. కుర్రాడికి చదరంగం తప్ప వేరే ధ్యాస లేదు. వాడికోసం తిరిగిన తిరుగుడే ఇది. దానితోపాటు మా మేనకోడలు ఒక చిక్కు ప్రశ్న కూడా తెచ్చింది.

"మామయ్యా, వీణ్ణి ఇక ఓపెన్ టోర్నమెంట్లలో దింపమని కోచ్‌గారు అంటున్నారు. అక్కడంతా పెద్దవాళ్ళు. వరసగా ఓడిపోతే బెదిరిపోతాడేమోనని మా ఆయన భయం. ఇంకో రెండేళ్ళు పిల్లల విభాగంలోనే ఆడిస్తే కప్పులూ వస్తాయి, ఉత్సాహమూ ఉంటుందంటారు. మీరేమంటారు?"

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. చదరంగంలో పావుల పేర్లు, నడకలు తప్ప ఎక్కువ తెలియదు. మన పెద్దలేమో "ఆలస్యం అమృతం విషం" అన్నారు, "నిదానమే ప్రధానం" అనీ అన్నారు. ఏది కావాలంటే అది వాడుకోవచ్చు! అందుకని సామెతలు పక్కనబెట్టి, ఈ ఊళ్ళో ఏం జరిగిందో చూసి వద్దామని బయల్దేరాం.

మొదటి మజిలీ నేపియర్ వంతెన. కూవం నది సముద్రంలో కలిసేచోట ఉంటుంది. 2022 జులైలో చెస్ ఒలింపియాడ్ సందర్భంగా ఈ వంతెనంతటికీ నల్ల గడులు, తెల్ల గడులు వేశారు. ఆ ఫోటోలు చూడనివారుండరు. మావాడు వంతెన మీద నిలబడి అప్పుడు గడులెక్కడెక్కడ ఉండేవో వేలితో చూపించాడు.

అక్కణ్ణుంచి కూతవేటు దూరంలో చేపాక్ క్రికెట్ మైదానం. చదరంగం దారిలో క్రికెట్ ఏమిటనుకోకండి. మా మేనకోడలి ప్రశ్న ఈ మైదానానికీ పాతదే. ఈ ఊరి కుర్రాడు లక్ష్మణ్ శివరామకృష్ణన్ 1983లో పదిహేడేళ్ళకే వెస్టిండీస్‌లో టెస్టు ఆడాడు. 1984లో బొంబాయి టెస్టులో ఇంగ్లండు మీద 12 వికెట్లు తీశాడు. 1986 తర్వాత మళ్ళీ టెస్టు ఆడలేదు. మొత్తం తొమ్మిది టెస్టులతో సరి. ఆ లెగ్‌స్పిన్ చూసినవారు నేటికీ అయ్యో అంటారు.

రెండో పద్ధతికీ ఇక్కడే ఉదాహరణ ఉంది, అదీ మన గుంటూరువాడు. షేక్ రషీద్‌ను 2023 సీజన్‌కి చెన్నై జట్టు 20 లక్షలకి తీసుకుంది. 2023, 2024 సీజన్లు రెండూ ఒక్క మ్యాచీ ఆడించకుండా కూర్చోబెట్టింది. 2025 ఏప్రిల్ 14న లక్నోలో దింపితే 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు. సరిగ్గా ఆరు రోజులకి అదే జట్టు ఆయుష్ మాత్రే అనే పదిహేడేళ్ళ కుర్రాణ్ణి, అప్పుడప్పుడే వచ్చినవాణ్ణి, ముంబైలో దింపింది. అతను 15 బంతుల్లో 32 కొట్టాడు. ఒకే జట్టు, ఒకే వారం, రెండు పద్ధతులు!

"అంటే తేలనట్టేనా మామయ్యా?" అంది మా మేనకోడలు. ఇంకా దారి ఉంది కదమ్మా అన్నాను.

ఆళ్వారుపేట కస్తూరి రంగా రోడ్డులో రష్యన్ హౌస్ ఉంది. పాతవాళ్ళు దాన్ని సోవియట్ కల్చరల్ సెంటర్ అనే అంటారు. టాల్ చెస్ క్లబ్ నడిచింది దీంట్లోనే. విశ్వనాథన్ ఆనంద్ తల్లి దగ్గర ఆరో ఏట ఆట నేర్చుకుని, ఈ క్లబ్బులోనే పదును పెట్టుకున్నాడు. అక్కడి పద్ధతి నాకు చాలా నచ్చింది. పలక ముందు గెలిచినవాడు కూర్చునే ఉంటాడు. ఓడినవాడు లేచి వరస చివరికి వెళ్ళాలి. వంతు వచ్చాక మళ్ళీ కూర్చోవచ్చు. అక్కడ ఓటమికి ఖరీదు కాసేపు నిలబడటం మాత్రమే. పెద్దలతో ఆడి ఓడటం, లేవడం, మళ్ళీ కూర్చోవడం అలవాటైన ఆ పిల్లవాడు 1987లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్, 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

తరువాత తేనాంపేట. మౌంట్ రోడ్డు మీది హయత్ రీజెన్సీ హోటల్ బయటి నుంచే చూశాం. 2013 నవంబరులో ఆనంద్ తన సొంత ఊళ్ళోనే, ఈ హోటల్లోనే, 22 ఏళ్ళ నార్వే కుర్రవాడు మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో ప్రపంచ కిరీటం కోల్పోయాడు. పది ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. ఊరంతా చిన్నబోయింది. ఆటగాళ్ళు కూర్చున్న గాజుగది వైపు చూస్తున్న ప్రేక్షకుల్లో ఏడేళ్ళ పిల్లవాడొకడు ఉన్నాడు. పేరు గుకేశ్. ఏదో ఒకనాడు తానూ ఆ గదిలో కూర్చోవాలని అప్పుడే అనుకున్నాడట.

గుకేశ్ మనవాడని వేరే చెప్పాలా? 2006 మే 29న చెన్నైలోనే పుట్టాడు. ఇంట్లో తెలుగు. మూలాలు సత్యవేడు వైపు. 2024 డిసెంబరులో ప్రపంచ ఛాంపియన్ అయిన రోజున ఇటు స్టాలిన్‌గారూ అటు చంద్రబాబుగారూ మావాడంటే మావాడని అభినందనలు తెలిపారు. మనలాంటి రెండూళ్ళ వాళ్ళకి అంతకంటే ముచ్చటైన సంగతేముంటుంది!

అతను చదివిన వేలమ్మాళ్ విద్యాలయ మేల్ అయనంబాక్కంలో ఉంది. మేం కారులోంచే చూశాం. ఆట మొదలుపెట్టింది ఈ బడిలోనే, వారానికి మూడు రోజులు, రోజుకో గంట చొప్పున. 2019 జనవరిలో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి 12 ఏళ్ళ 7 నెలల 17 రోజులు. ప్రపంచ రికార్డు 17 రోజుల్లో తప్పిపోయింది.

ఇది వింటే అంతా పరుగే అనిపిస్తుంది. కానీ ఆ పరుగు లోపల ఒక నిదానం ఉంది. కోచ్ విష్ణు ప్రసన్న ఆ కుర్రాణ్ణి దాదాపు గ్రాండ్‌మాస్టర్ స్థాయి వచ్చేదాకా కంప్యూటర్ ఇంజన్ల జోలికి పోనివ్వలేదు. తోటి పిల్లలంతా మీట నొక్కి సరైన ఎత్తు ఏదో తెలుసుకుంటుంటే, వీడు సొంత బుర్రతో లెక్కలు కట్టుకోవాలి. పోటీల్లో తొందర, పునాదిలో నిదానం. 2020లో ఆనంద్ నడిపే అకాడమీలో చేరాకే మిగతా హంగులన్నీ.

ఇది మా బ్యాంకు వాళ్ళకి తెలిసిన పద్ధతే. కొత్తగా చేరిన ప్రొబేషనరీ ఆఫీసరుకి తొలినాడే బ్రాంచి అప్పగించరు. రెండేళ్ళపాటు క్యాషు, క్లియరింగు, అప్పుల విభాగం అన్నీ తిప్పుతారు. అయితే ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకుండా ఆ రెండేళ్ళూ గడిపితే వాడికి పని రాదు. చిన్న మొత్తానికి సంతకం వాడిదే, పైన చూసుకునే మేనేజరు వేరు. అలాగే పని పట్టుబడుతుంది.

రెండో రోజు పొద్దున్నే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మహాబలిపురం వెళ్ళాం. సుమారు 55 కిలోమీటర్లు. ఎండ ముదరకముందే పంచరథాలు చూడటం మంచిది. ఒక్కొక్క రథం ఒక్కొక్క బండ. పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు కాబట్టి పైభాగాలు నిండుగా, కిందిభాగాలు కొన్నిచోట్ల అసంపూర్తిగా ఉంటాయి. పదమూడు వందల ఏళ్ళు దాటినా అసంపూర్తి అని ఎవరూ వాటిని తీసిపారేయలేదు.

ఊరి పక్కనే పూంజేరిలో, ఒక హోటలు ఆవరణలో, 2022 జులై 29 నుంచి ఆగస్టు 9 దాకా 44వ చెస్ ఒలింపియాడ్ జరిగింది. రష్యాలో జరగాల్సింది, యుద్ధం వల్ల ఇక్కడికి మారింది. నాలుగైదు నెలల్లో ఏర్పాట్లు చేశారు. 180కి పైగా దేశాలు వచ్చాయి. పంచె కట్టిన గుర్రం "తంబి" బొమ్మ ఊరూరా కనబడింది.

ఆతిథ్య దేశం కనుక మనకి ఒకటికి మించి జట్లు. మొదటి జట్టులో మన గుంటూరు హరికృష్ణ, వరంగల్ అర్జున్ ఎరిగైసి వంటి పేరున్నవాళ్ళు. సీడింగులో రెండో స్థానం. రెండో జట్టేమో పిల్లల జట్టు. గుకేశ్, ప్రజ్ఞానంద, రౌనక్‌లకు పదహారేసి, నిహాల్ సరీన్‌కు పద్ధెనిమిది. పెద్దవాడు అధిబన్ ఒక్కడే. సీడింగులో 11. చదరంగం జట్టులో మొదటి బోర్డు అంటే అవతలి జట్టు అతిరథుడితో రోజూ తలపడటం. అందులో పదహారేళ్ళ గుకేశ్‌ని కూర్చోబెట్టారు.

వరసగా ఎనిమిది ఆటలు గెలిచాడు. ఎనిమిదో ఆటలో ఓడిపోయింది అమెరికా ఫాబియానో కరువానా. తొమ్మిదోది డ్రా. పదో రౌండులో ఉజ్బెకిస్తాన్, అటువైపు పదిహేడేళ్ళ అబ్దుసత్తారోవ్. మొదట పైచేయి గుకేశ్‌దే. డ్రాతో సరిపెట్టుకోకుండా గెలుపుకోసం పోయి, గెలవాల్సిన ఆట చేజార్చుకున్నాడు. జట్టు పోరు 2-2తో ముగిసింది. స్వర్ణం ఉజ్బెకిస్తాన్‌కి వెళ్ళింది. అన్నట్టు, వాళ్ళదీ కుర్రాళ్ళ జట్టే, సీడింగులో 14.

ఆ ఆట ఫోటోలు మావాడు ఇదివరకే చూశాడు. "అంత బాధపడ్డాడు కదా తాతయ్యా, మర్నాడు ఆడలేదా?" అని అడిగాడు. ఆడాడు. జట్టు కెప్టెన్ ఆర్.బి. రమేశ్ మర్నాడు జర్మనీ మీద అదే మొదటి బోర్డులో గుకేశ్‌ని కూర్చోబెట్టారు. అతను డ్రా చేశాడు, జట్టు 3-1తో గెలిచి కాంస్యం తెచ్చుకుంది. పేరున్న మొదటి జట్టు నాలుగో స్థానంలో ఆగింది. 11 ఆటల్లో 9 పాయింట్లతో మొదటి బోర్డు స్వర్ణం గుకేశ్‌కే దక్కింది.

నా దృష్టిలో మా మేనకోడలి ప్రశ్నకి జవాబు ఆ మర్నాటి కుర్చీలో ఉంది. కామర్స్ చదివినవాళ్ళకి మొదట నేర్పేది మూలధన వ్యయం వేరు, రాబడి వ్యయం వేరు అని. ఒకటి ఆస్తిగా మిగిలి ఏళ్ళ తరబడి ఫలితమిస్తుంది, రెండోది ఆ ఏడాదితో సరి. పదో రౌండు ఓటమిని ఆనాటి నష్టంగా రాసేసి ఆ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టి ఉంటే అది నష్టంగానే మిగిలేది. మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టారు కాబట్టి ఆస్తి ఖాతాలోకి వచ్చింది. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో అదే కుర్రాడు మొదటి బోర్డులో 10 ఆటల్లో 9 పాయింట్లు చేస్తే భారత్ స్వర్ణం గెలిచింది. అదే ఏడు సింగపూరులో డింగ్ లిరెన్‌తో తొలి ఆటే ఓడాడు, పన్నెండోదీ ఓడాడు. పద్నాలుగోది గెలిచి పద్ధెనిమిదేళ్ళకే జగజ్జేత అయ్యాడు. అతని సహాయకుల్లో మన హరికృష్ణ ఉన్నాడు. పెద్దవాళ్ళు కుర్చీ ఇచ్చి వెళ్ళిపోలేదు, వెనక నిలబడ్డారు.

పూంజేరి కబురు చెప్పి మన ఆడపిల్లల మాట మరిచిపోకూడదు. కోనేరు హంపి, నిండు గర్భిణిగా ఆడిన ద్రోణవల్లి హారిక ఉన్న మహిళల జట్టు అక్కడే కాంస్యం తెచ్చింది. పదిహేనేళ్ళకే, 2002లో, గ్రాండ్‌మాస్టరైన హంపి ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆడుతూనే ఉంది. త్వరగా మొదలుపెట్టినవాళ్ళంతా త్వరగా అలిసిపోతారన్నదీ నిజం కాదన్నమాట.

అయితే ఒక్క హెచ్చరిక. గుకేశ్ నాలుగో తరగతి తర్వాత రోజూ బడికి వెళ్ళింది లేదు. ఇ.ఎన్.టి. డాక్టరైన తండ్రి ప్రాక్టీసు ఆపుకుని కొడుకు వెంట తిరిగారు, మైక్రోబయాలజిస్టు అయిన తల్లి జీతంతో ఇల్లు నడిచింది. ప్రతి ఇల్లూ ఆ పని చెయ్యలేదు, చెయ్యనక్కర్లేదు. మా మేనకోడలికి అదే చెప్పాను. బడి మాన్పించొద్దు. ఏడాదికి నాలుగు ఓపెన్ టోర్నమెంట్లు సెలవుల్లో ఆడించు. రేటింగు ఎంత పెరిగిందని కాదు, ఓడిన ఆట కూర్చుని మళ్ళీ వేసి చూసుకుంటున్నాడా లేదా అని చూడు. చూసుకుంటున్నంతకాలం భయంలేదు. ఓడిన రోజు రాత్రి మీ ఆయన మొహం మాడ్చుకోకుండా ఉండటమే అసలు కష్టం అన్నాను. ఆమె నవ్వి, "ఆయనకీ శిక్షణ ఇవ్వాలన్నమాట" అంది. దసరా సెలవుల్లో మొదటి ఓపెన్‌కి పేరు నమోదు చేయించానని తర్వాత ఫోన్ చేసింది.

ఈ దారిన వెళ్ళేవారికి ఒకటి రెండు సూచనలు. రష్యన్ హౌస్‌కి ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి. బడి, హోటళ్ళు బయటినుంచే చూడండి. మహాబలిపురంలో మధ్యాహ్నం ఎండ పిల్లలు తట్టుకోలేరు, గొడుగు, మంచినీళ్ళు తప్పనిసరి. సంచీలో చుట్టి పెట్టుకునే చదరంగం గుడ్డ, పావుల డబ్బా ఒకటి ఉంటే సముద్రతీర ఆలయం పక్క చెట్టునీడలో రెండు ఆటలు వేసుకోవచ్చు. పిల్లలు గెలవాలని కావాలని ఓడిపోకండి. నిజంగానే ఆడండి. ఓడితే "ఇంకో ఆట వేద్దామా?" అని మీరే ముందుగా అడగండి.