బల్లకు ఇవతలి గుంటలు

బాప్టిస్టు ఇంట్లో పుట్టిన పిల్లాడి పరిస్థితి కాస్త తమాషాగా ఉంటుంది. పసివాడిగా ఉన్నప్పుడు అయ్యగారు ఎత్తుకుని ప్రార్థన చేస్తారు గానీ, బాప్తిస్మం ఇవ్వరు. తెలివొచ్చాక తనంతట తాను ఒప్పుకుని నీళ్లలో మునగాల్సిందే. అప్పటిదాకా ప్రతి ఆదివారం చర్చిలోనే ఉంటాడు, సంఘం పుస్తకంలో మాత్రం ఉండడు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ ద్వారా టెక్కలికీ, సోంపేటకీ చేరిన పద్ధతి ఇది.

దీని అసలు రుచి ప్రభువు బల్ల రోజున తెలిసేది. తెల్లగుడ్డ కప్పిన బల్ల, రొట్టె ముక్కల పళ్లెం, బొటనవేలంత గ్లాసుల్లో ద్రాక్షరసం. ముందు చాపమీద కూర్చున్న మా నెత్తుల మీదుగా ఆ పళ్లెం పెద్దాళ్లకి వెళ్లిపోయేది. రసం వాసన మాత్రం ముక్కుకి తగిలేది. చెయ్యి చాపితే మా అప్ప "నీకు కాదురా" అని లాగేసేది. ఇంట్లో ఏది వండినా ముందు గుంటలకే పెట్టే ఊళ్లో, గుంటలకి లేనిది ఆ ఒక్క పళ్లెమే. కోరుకుంటే తప్ప దక్కనిదొకటి ఉందని మాకు అక్కడే తెలిసింది. ఎన్ని ప్రసంగాలు విన్నా ఆ సంగతి అంత బాగా ఎక్కేది కాదేమో. పసివాళ్లని అలా చిన్నబుచ్చకూడదు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేను.

మిగతా దేనికీ అడ్డు లేదు. మట్టల ఆదివారం నాడు మా ఉద్దానంలో మట్టలకేం కరువు? ఎవరి తోటలోనైనా కొబ్బరాకు తెంపుకుని ఊరంతా తిరిగేవాళ్లం. ఇక పిడికెడు బియ్యం. పొద్దున్నే వంటకి కొలిచిన బియ్యంలోంచి అమ్మ ఒక పిడికెడు తీసి చర్చికని వేరే డబ్బాలో వేసేది. పలాసలో జీడిపిక్కలు కొట్టి నల్లబడిన వేళ్లు, వాటి మధ్య తెల్లటి గింజలు. బియ్యం అడుగంటిన రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేది గానీ డబ్బా మూత తియ్యకుండా ఉండేది కాదు. సండే స్కూల్లో బట్టీపట్టిన వాక్యాలు సగం పోయాయి. జీతం పడగానే కానుక పక్కన పెట్టే అలవాటు పోలేదు.

మా నాయనమ్మకి చర్చి బాల్యం లేదు. ఆమెకి దేవుడు సోంపేట మిషనాసుపత్రి దారిన వచ్చాడు. అక్కడ కళ్ల ఆపరేషన్లు చేసిన కెనడా డాక్టరు బెన్ గలిసన్, డబ్బు సాయం కోసం కాల్గరీ వెళ్తే, దాని ఫలితంగా 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. చూపొచ్చినవాళ్లకి విశ్వాసానికి కారణం చూపించడం తేలిక. మాలా పుట్టుకతో వచ్చినవాళ్లకే కష్టం.

పాటల సంగతి ఇంకా చిత్రం. మేం పాడిన కీర్తనలెన్నో రాసిన, పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పెద్దయ్యాక క్రైస్తవుడయ్యాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. చిన్నప్పుడు చెవిన పడ్డ బాణీని ఆయన కొత్త విశ్వాసంలోకి వెంట తెచ్చుకున్నాడనే అనుకుంటాను. చర్చి ఎరగని బాల్యం ఆయనది. మా చర్చి బాల్యమంతా ఆయన పాటలే.

అన్నీ తీపి జ్ఞాపకాలే అంటే అబద్ధం. రాత్రి ఉజ్జీవ కూటాల్లో మైకు హోరెత్తించిన అగ్నిగుండం, ఇంటికొచ్చాక పక్కలో వణుకు. మా బావ చర్చి మానేసింది ఆ భయం వల్లే. దేవుడి మీద కోపం కాదు, ఆ రాత్రుల మీద. పిల్లల్ని మాత్రం ఆదివారం తప్పకుండా పంపుతాడు.

"నమ్మకం లేదంటావు, గుంటల్నెందుకు పంపుతావు?" అని ఒకసారి అడిగాను.

"పాటలు రావాలి గదా! రేపు వాళ్లు వద్దనుకోవాలన్నా, అదేటో తెలియాలి గదా."

రాత్రి కూటాలకి మాత్రం పంపడు. ఆ విషయంలో మా అమ్మకీ వాడికీ ఏటేటా గొడవే. నేను బావ వైపే.