మండువా లేని ఇల్లు

వైశాఖం వచ్చిందంటే, రాత్రి పది దాటాక అమ్మ తన చాపనూ తలగడనూ తీసుకుని పడకగదిలోంచి వసారాలోకి వచ్చేస్తుంది. మా డాబా ఇంటికి ఆమె పెట్టిన పేరు పెనం. "పొయ్యి ఆర్పినా పెనం కాలుతూనే ఉంటుందిరా" అని ఒకసారి అన్నది. అంతకు మించి ఎప్పుడూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే, మా తాతగారు కట్టించిన మండువా లోగిలిని 2009లో పడగొట్టి ఈ డాబాను కట్టించినది నేనే. నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్ళు. తమ్ముడు కొంత తటపటాయించాడు. అమ్మ ఒక్కటే అడిగింది: "మధ్యలో మండువా మాత్రం ఉంచండిరా." వాన లోపల పడుతుందనీ, దోమలు వస్తాయనీ, చోటు దండగ అనీ ఆమెకు నచ్చజెప్పాను. నచ్చజెప్పాననే అనుకున్నాను.

గోదావరి జిల్లాల వారికి మండువా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం రెండు మాటలు. నాలుగు వైపులా గదులు. వాటి ముందు వసారాలు. వాటి మీది పెంకుటి కప్పు లోపలి వైపుకు వాలి ఉంటుంది. నడుమ ఆకాశం కనిపించే చదరం. నాలుగు వాలుల వాన నీళ్ళూ అందులో పడి తూము గుండా పెరట్లోకి పోతాయి. చిన్నప్పుడు మాకు అది కాగితపు పడవల రేవు. అదొక యంత్రమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రాత్రివేళ పెంకులు తమ వేడిని తెరిపి ఆకాశానికి వదిలి చల్లబడతాయి. వాటిని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి మండువాలో దిగి, చుట్టూ ఉన్న వసారాలలోకి పాకుతుంది. తెల్లవారేసరికి గచ్చు చల్లగా ఉంటుంది. పగలు ఎండ ముదిరినకొద్దీ ఇంట్లోని వేడిగాలి తేలికై ఆ చదరం గుండా, పెంకుల సందుల గుండా పైకి పోతుంది. దాని స్థానంలోకి వీధి అరుగు నీడలోని గాలి వస్తుంది. మట్టిగోడలు మూరెడుకు పైగా మందం. బయటి ఎండ ఆ మందాన్ని దాటి లోపలికి చేరేసరికి పొద్దుగూకుతుంది. పైగా బయటికి సాగిన చూరు ఆ గోడ మీద ఎండను సరిగా పడనీయదు కూడా. వేడెక్కిన గోడను చల్లబరచడం కంటే దానిని వేడెక్కనీయకపోవడమే మేలని ఆనాటి తాపీమేస్త్రీకి ఎవరూ పాఠం చెప్పి ఉండరు.

అయితే, పాత ఇళ్ళను తలచుకుని కన్నీళ్ళు పెట్టించే వ్యాసాలంటే నాకు విసుగు. ఆ ఇంట్లో వంటగది పొగచూరి ఉండేది. అమ్మ కళ్ళు ముప్ఫయ్యేళ్ళ పాటు అందులోనే మండాయి. దూలాలకు చెదలు, పెంకుల్లో తేళ్ళు, పైన కోతులు. ఏటేటా వానలకు ముందు పెంకు సర్దించాలి; ఆ పని తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు మా కప్పు సగం ఎగిరిపోయింది. ఆ రాత్రంతా పక్క వీధిలోని ఒక డాబాలో తలదాచుకున్నాం. మరునాటి నుంచీ నాన్నగారు సైతం "స్లాబు వేయించాలిరా" అంటూనే ఉన్నారు. కోనసీమలో స్లాబును కేవలం హోదా కోసం వేయిస్తారనుకునేవారు ఆ రాత్రిని చూడలేదు.

కనుక స్లాబు వేయించడంలో తప్పు లేదు. ఆ ఒక్కదాని గురించే ఆలోచించి తక్కినవన్నీ వదిలేశాను. అదీ నేను చేసినది. ఐదంగుళాల కాంక్రీటు పైన నీడ లేదు, పూత లేదు. మధ్యాహ్నమంతా తాగిన ఎండను అది సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా లోపలికి కక్కుతుంది. పడమటి గోడకు చూరు లేదు. ఎదురెదురుగా ఉండవలసిన కిటికీలలో ఒకదాన్ని అలమర కోసం మూయించాను. ఇక పంకా తిరిగితే ఆ కప్పు కింది వేడినే మన మీదికి తోస్తుంది. ఏసీ పెట్టిద్దామంటే, మూసిన గదిలో అమ్మకు ఊపిరాడదు.

2012లో ఉద్యోగపు పని మీద తిరువనంతపురం వెళ్ళినప్పుడు సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణను చూశాను. లారీ బేకర్ 1970లలో రూపకల్పన చేసినది. ఆయన 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో కుష్ఠురోగుల సేవ నిమిత్తం మన దేశానికి వచ్చి, ఇక్కడివాడైపోయి, 2007 ఏప్రిల్ 1న ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. సిమెంటు పూత లేని ఇటుక గోడలు. ఇటుకకూ ఇటుకకూ నడుమ ఖాళీలు వదిలి పేర్చిన జాలీలు. వాటిలోంచి ముక్కలు ముక్కలుగా పడే వెలుతురు, ఎడతెగని గాలి.

కానీ నన్ను నిలబెట్టేసినది ఆయన వాడిన ఫిల్లర్ స్లాబు పద్ధతి. స్లాబు మీద బరువు పడినప్పుడు దాని అడుగు భాగం సాగబోతుంది. ఆ లాగుడును భరించేవి ఇనుప చువ్వలు. అక్కడి కాంక్రీటు చువ్వలను పట్టి ఉంచుతుందే తప్ప పెద్దగా బరువు మోయదు. అందుకని ఆ చోట, చువ్వల గళ్ళ నడుమ, పెంకులు పేర్చి పైన కాంక్రీటు పోస్తారు. రెండేసి పెంకులను జతగా అమరిస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. ఎండ వేడి అంత సులువుగా కిందికి దిగదు. సిమెంటూ తగ్గుతుంది. గోడలలోనూ అదే ఉపాయం: ఇటుకలను పక్కకు నిలబెట్టి, లోపల మూడంగుళాల ఖాళీ వదిలి కడతారు. ఇటుకలు సుమారు నాలుగోవంతు ఆదా అవుతాయి. అలాంటి కప్పు గురించి తెలుసుకుంటూ నేను వేసుకున్న లెక్క వేరు. మా ఇంటి మీది నుంచి దించిన బెంగుళూరు పెంకులు కొన్ని వేలు. ఒక్కటి మిగల్చకుండా ట్రాక్టరుకు ఎత్తించి చెరువుగట్టు పక్క గుంతలో పోయించాను.

హైదరాబాదులో 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు, అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం. నడుమ తెరిచిన ముంగిలి, చుట్టూ గదులు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు, పచ్చిక మొలిపించిన కప్పు. తమ్ముడు దానిని చూసి వచ్చి ఫోనులో నవ్వాడు: "అన్నయ్యా, అమ్మ అడిగినదానికే ప్లాటినం ఇచ్చారు." నాకు నవ్వు రాలేదు.

ఒక చోటి ఉపాయాన్ని మరొక చోట అతికించడం కూడా ప్రమాదమే. మా కోస్తాలో గాలిలో తడి ఎక్కువ, రాత్రి పెద్దగా చల్లబడదు. ఇక్కడ గోడ మందం కంటే గాలి కదలిక ముఖ్యం. పగటికీ రాత్రికీ తేడా ఎక్కువగా ఉండే రాయలసీమలో చవుడు మిద్దె దళసరి కప్పు, చిన్న కిటికీ చక్కగా పని చేస్తాయి. నగరాల్లోని అద్దాల మేడలు ఈ రెండు తీరులకూ చెందవు. ఎండను లోపలికి పిలిచి, దానిని బయటికి తోలడానికి కరెంటు కాలుస్తాయి.

2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. తెల్లని కప్పు ఎండను చాలావరకు తిప్పికొడుతుందన్నది దాని వెనుక ఉన్న సాదా సూత్రం. మరుసటి వేసవిలో డాబా మీద సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాను. పడమటి గోడకు వెదురు తడక కట్టి తీగ పాకించాను. రాత్రి తొమ్మిదింటికి పడకగదిలో 36 డిగ్రీలు చూపించే ఉష్ణమాపకం 33కు దిగింది. ఎంతో గొప్పగా అమ్మకు చూపించాను. "బాగుందిరా" అని, చాప తీసుకుని వసారాలోకే వెళ్ళింది.

ఇప్పుడు తమ్ముడు పక్క స్థలంలో ఇల్లు కడుతున్నాడు. ఫిల్లర్ స్లాబు అనగానే మేస్త్రీ నవ్వాడు. చువ్వల లెక్కను ఇంజనీరు చేత వేయించి చూపించాక ఒప్పుకున్నాడు. పెంకులను పడగొడుతున్న ఇళ్ళ దగ్గర కొంటున్నాం. మండువా కూడా ఉంటుంది. తుపాను తట్టుకునేందుకు దాని చుట్టూ కాంక్రీటు దూలం, దోమలకు వల. దాని కొలత ఎంత ఉండాలని మేమిద్దరం కాగితాల మీద వాదించుకుంటూ ఉంటే, అమ్మ చెప్పులు విడిచి ఆ ఖాళీ స్థలంలోకి దిగింది. పాదం ముందు పాదం పెట్టి తూర్పు నుంచి పడమటికి నడిచింది. ఆగి, ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచింది.

"పద్నాలుగు, పన్నెండు. తూము ఈశాన్యంలో ఉండేది" అన్నది.

తమ్ముడు అక్కడే ముగ్గు పోశాడు.