బొమ్మకు ఉన్ని టోపీ

మాది పశ్చిమ గోదావరి జిల్లా. నరసాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఈ హాస్టల్లో చదువుకుంటున్నాం. మాలో చాలామంది అమ్మలు లేసు అల్లుతారు. కొన వంగిన సన్న సూది, తెల్ల నూలు దారం మేము ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నవే. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని ఇది. 2024లో మా నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ ఏడాది కార్తీక మాసం ఆదివారాల్లో మేము నూలు పక్కన పెట్టి, ఉన్నితో బొమ్మలకు టోపీలు, మఫ్లర్లు, చేతి తొడుగులు అల్లాం. "బొమ్మకు చలేస్తుందా అక్కా?" అని 5వ తరగతి చెల్లెళ్ళు నవ్వారు. వేయదు. కానీ మనిషికి అల్లాలంటే బోలెడు ఉన్ని కావాలి. బొమ్మకైతే ఒక్క ఉండతో అన్నీ అయిపోతాయి. చిన్నదాని మీద చేయి తిరిగితే రేపు తమ్ముడికీ అల్లగలం.

టోపీ అంతా ఆరో ఎక్కమే! మొదట 6 కుట్లతో చిన్న గుండ్రం. రెండో వరసకు 12, మూడో వరసకు 18, నాలుగో వరసకు 24. అంతవరకూ బిళ్ళలా పరుచుకుంటుంది. బొమ్మ తలకు సరిపోయాక కుట్లు పెంచడం ఆపేస్తే, అంచులు కిందికి వంగి టోపీ అవుతుంది. మఫ్లర్ ఇంకా తేలిక. వెడల్పుకు 6 కుట్లు వేసి, అటూ ఇటూ తిరుగుతూ అల్లుకుపోవడమే. చేతి తొడుగులకు వేళ్ళు పెట్టలేదు. చిన్న సంచుల్లా అల్లి, రెండింటినీ గొలుసు కుట్టు తాడుతో కలిపాం. ఇక ఒకటి పోవడమంటూ ఉండదు.

డిసెంబరులో బడి ప్రదర్శనలో వీటిని అమ్మకానికి పెట్టాం. టోపీ నలభై రూపాయలు అంటే ఒకావిడ, "ఇంత బొమ్మ టోపీకి నలభయ్యా? దారం పది రూపాయలు కూడా ఉండదు" అన్నారు. "దారం పదేనండీ, మిగతాది రెండు సాయంత్రాలు" అంది మాలో పెద్దక్క. ఆవిడ టోపీ అక్కడే పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మాట మాకు కొత్త కాదు. మా అమ్మల పనినీ "ఖాళీగా కూర్చుని అల్లుకునేదేగా" అంటారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ సంగతే 1982లో ఒక పుస్తకంగా రాశారని మా టీచరుగారు చెప్పారు. ఇక్కడి ఆడవాళ్ళు విదేశాలకు వెళ్ళే సరుకు తయారుచేస్తున్నా, లోకం వాళ్ళను పనివాళ్ళుగా కాక గృహిణులుగానే లెక్కిస్తోందట.

సంక్రాంతి సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళి, అమ్మ సూది పట్టిన గంటలు నోటుబుక్కులో రాశాం. వంట, గేదెలు, గిన్నెలు అన్నీ అయ్యాక కూడా రోజుకు ఐదారు గంటలు తేలాయి. "ఇదంతా నేనే చేశానా?" అని ఆశ్చర్యపోయారు అమ్మలు.

చెల్లెళ్ళారా! ఉన్ని, సూదులు మా గదిలో రేకు పెట్టెలో ఉన్నాయి. వచ్చి నేర్చుకోండి. కుట్లతోపాటు గంటలు కూడా లెక్కపెట్టుకోండి.

– 9వ తరగతి విద్యార్థినులు