మందుల డబ్బాలో మన సుబ్బారావు

ప్రతి ఇంట్లోనూ పోపుల డబ్బా ఎంత అవసరమో, ఈ రోజుల్లో మందుల డబ్బా కూడా అంతే అవసరమైపోయింది. పోపుల డబ్బాలో ఆవాలెక్కడున్నాయో, మెంతులెక్కడున్నాయో కళ్లు మూసుకుని చెప్పేస్తాం. మందుల డబ్బా దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆ పసుపుపచ్చది అత్తయ్యది, ఆ చిన్నది అమ్మాయిది" అంటాం, అంతే. అది ఏం చేస్తుంది, ఎవరు కనిపెట్టారు, ఎవరి మీద పరీక్షించి చూశారు అని అడిగే తీరిక మనకుండదు. ఉన్నా, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం.

మా డబ్బాలో మూడు రకాల మాత్రలు ఒకేసారి చేరాయి. అత్తమ్మ కాలికి సంబంధించినదొకటి, మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పటిదొకటి, మా తోడికోడలి కీళ్లవాతానిదొకటి. మూడు జబ్బులకూ ఒకదానితో ఒకటి సంబంధమే లేదు. కానీ మూడు మందుల వెనకా ఒకే మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు నేను నిజంగా నోరెళ్లబెట్టాను. ఆయన మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ముందు అత్తమ్మ కాలి సంగతి చెబుతాను. మా మైపాడు నెల్లూరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉంది. ఆదివారమొస్తే నెల్లూరు నించి పిల్లకాయల్ని వెంటేసుకుని జనం అలలు చూడ్డానికొస్తారు. సముద్రపు గాలి ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. గాలి పడిందంటే మురిక్కాలవల మీది దోమలన్నీ ఇంట్లోకే. బోదకాలు తెచ్చేది ఆ మురుగునీటి దోమే. దాని పేరు క్యూలెక్స్. అత్తమ్మకి పెళ్లయిన కొత్తల్లోనే జ్వరమొచ్చి, గజ్జల్లో బిళ్లలు కట్టి, కాలు వాచిందట. తగ్గడం, మళ్లీ రావడం. అలా అలా నేను కాపురానికొచ్చేనాటికి ఎడమ కాలు మోకాలి దాకా స్తంభంలా అయిపోయింది. పెళ్లిళ్లకి పిలిచినా వెళ్లేది కాదు. "నా కాలు చూసి పిల్లకాయలు జడుసుకుంటారు మే" అని నవ్వుతూనే అనేది. ఆ నవ్వు వెనక ఏముందో ఇంట్లోని ఆడవాళ్లకే తెలుసు.

ఈ జబ్బుకి కారణం దారంలాంటి సన్నటి పురుగులు. అవి మన ఒంట్లో రసనాళాల్లో ఏళ్ల తరబడి బతికి, కోట్ల కొద్దీ పిల్లల్ని పెడతాయి. ఆ పిల్ల పురుగులు రాత్రిపూటే రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. అందుకే బోదకాలు పరీక్షకి ఆరోగ్యశాఖ వాళ్లు పగలు కాకుండా రాత్రి ఎనిమిదిన్నర దాటాక వస్తారు. ఒకసారి అలా వచ్చి మా ఇంట్లో అందరికీ వేలికి సూది గుచ్చి రక్తం తీసుకెళ్లారు. పురుగులు బయటపడింది ఎవరిలో అనుకున్నారు? అత్తమ్మలో కాదు, మా ఆయనలో! తలనొప్పి కూడా ఎరగని మనిషి. కాలు వాచిన అత్తమ్మ రక్తంలో మాత్రం ఒక్కటీ లేదు.

ఈ విచిత్రం తెలిస్తేనే ఆ మాత్రల సంగతి అర్థమవుతుంది. "ఏ జబ్బూ లేనోళ్లకి మాత్రలెందుకమ్మా?" అని మా వీధిలో అందరూ అడిగిన ప్రశ్నే. కాలు వాచేనాటికి చాలామందిలో పురుగులు చచ్చిపోయి ఉంటాయి. మిగిలేది అవి పాడుచేసిన నాళాలే. దోమ తీసుకెళ్లి పక్కింటివాళ్లకి అంటించేది, పైకి నిక్షేపంలా ఉన్న మనిషి రక్తంలోని పురుగుల్ని. అందుకే 2004 నించి మన దేశంలో బోదకాలున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఊళ్లో అందరిచేతా డి.ఇ.సి. మాత్రలు మింగించే కార్యక్రమం పెట్టారు. 2007 నించి దానికి ఆల్బెండజోల్ మాత్ర తోడయింది. రెండేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకీ ఇవ్వరు. పరగడుపున మింగకూడదు. మింగాక కొందరికి జ్వరం, తలతిప్పు వస్తాయి. ఒంట్లో పురుగులు చస్తున్నప్పుడు వచ్చే ఇబ్బంది అది. అది చూసి భయపడి మాత్రల్ని పెరట్లో పారేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మా ఆయన మాత్రం అత్తమ్మ కాలు చూస్తూ మింగారు.

ఆ డి.ఇ.సి. మాత్రే సుబ్బారావుగారు నడిపించిన ప్రయోగశాల నించి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకెళ్లిన అమెరికా సైనికులు బోద జబ్బు తగిలించుకుని తిరిగొచ్చారు. దానికి సరైన మందు లేదు. సుబ్బారావుగారు అప్పుడు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనలకి పెద్ద. ఆయన బృందం ఎన్నో రసాయనాల్ని ఎలుకల మీదా, కుక్కల మీదా పరీక్షించి, చివరికి దీన్ని పట్టుకుంది. 1947లో ప్యూర్టోరికోలో మనుషులకిచ్చి చూసి ఫలితాలు ప్రకటించారు. వంటింటివాళ్లం కాబట్టి ఇంకో ముచ్చట చెప్పాలి. చైనాలో ఈ మందుని వంటకి వాడే ఉప్పులోనే కలిపి ఇచ్చారు. కూరలో ఉప్పు వేసినట్టే మందూ వేసేశారన్నమాట! 2007 నాటికి ఆ దేశం బోదకాలుని వదిలించుకుంది.

పరిశోధన అక్కడితో ఆగిపోలేదు. డి.ఇ.సి., ఆల్బెండజోల్‌తో పాటు ఐవర్‌మెక్టిన్ అనే మూడో మాత్ర కలిపితే పిల్ల పురుగులు ఇంకా బాగా పోతాయని పాపువా న్యూగినీలో చేసిన పరీక్షలో తేలింది. అది క్షేమమేనా అని మన దేశంతో సహా అయిదు దేశాల్లో ఇరవై ఆరు వేలమందికి పైగా జనం మీద చూశారు. మన దేశంలో 2018 డిసెంబరులో బీహార్‌లోని అర్వల్ జిల్లాలో ఆ మూడు మాత్రల పద్ధతి మొదలైంది.

మరి ఇప్పటికే కాలు వాచినవాళ్ల మాటేమిటి? నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన ఇదే. డాక్సీసైక్లిన్ అనే మందు వాపు తగ్గిస్తుందేమో చూద్దామని ఆఫ్రికాలోని ఘనాలో రోగుల్ని గుంపులు చేశారు. కొందరికి అసలు మాత్ర, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అందరికీ మాత్రం కాలు సబ్బుతో కడిగి తుడుచుకోవడం నేర్పారు. 2024లో ఫలితాలు వచ్చాయి. అసలు మాత్రకీ ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ అన్ని గుంపుల్లోనూ మనుషులు కుదుటపడ్డారు. అంటే మేలు చేసింది సబ్బూ, నీళ్లూ!

అత్తమ్మకి మేం చేసిందీ అదే. రోజూ సాయంత్రం చల్లనీళ్లతో, మామూలు సబ్బుతో కాలు మెల్లగా కడగడం, మెత్తటి పాత నేత గుడ్డతో వేళ్ల సందులు కూడా తడి లేకుండా అద్దడం, సందుల్లో పాచిపోతే డాక్టరు చెప్పిన పూత రాయడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవడం, మడమని పైకీ కిందికీ ఆడించడం. వేడినీళ్లు పోయకూడదు, పీచుతో రుద్దకూడదు. కాలు మామూలుగా అయిపోలేదు, అవుతుందని ఎవరూ చెప్పనూ లేదు. కానీ నెలకోసారి వచ్చి పడగొట్టే జ్వరాలు ఏడాదికొకటో రెండో అయ్యాయి. మా చిన్నాడి పెళ్లికి అత్తమ్మ ముందు వరసలో కూర్చుంది. మాకు అంతకన్నా ఏం కావాలి?

ఇక రెండోది, అమ్మాయి మాత్ర. మా పెద్దమ్మాయికి మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. వెన్నుపూస సరిగా మూసుకోలేదన్నారు. ఆ ఏడాది మా ఇంట్లో పండగ లేదు. రెండోసారి బిడ్డని కందామనుకున్నప్పుడు, కడుపు రాకముందు నించే ఫోలిక్ యాసిడ్ మాత్ర, అదీ మామూలు మోతాదు కన్నా ఎక్కువ, వాడాలని డాక్టరమ్మ చెప్పింది. "ముందే ఎందుకు?" అని నేనే అడిగాను. బిడ్డ వెన్నునాళం నెలలోపే మూసుకుంటుందట. మనకి నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని అయిపోతుంది.

ఈ మందు కథలో మొదటి పేజీ మన దేశంలోనిదే, అందులోనూ ఆడవాళ్లదే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తహీనత ఎందుకొస్తోందో చూసింది. ఈస్టు నించి తీసే పదార్థం తినిపిస్తే వాళ్లకి రక్తం పట్టింది. అందులో ఏదో ఉందని తెలిసింది గానీ అదేమిటో తెలియలేదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర వడగట్టి అలాంటి పదార్థాన్నే బయటికి తీశారు. ఆకులో దొరికింది కాబట్టి ఆకు అనే అర్థమొచ్చేలా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావుగారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అది గొప్ప మలుపు. టన్నుల కొద్దీ ఆకుకూర అక్కర్లేకుండా మాత్రలు వచ్చాయి.

వెన్నుపూస లోపాన్ని ఇది ఆపుతుందని రుజువు చేసింది 1991లో వెలువడిన ఇంగ్లండు పరిశోధన. ఏడు దేశాల్లో, ఒకసారి అలాంటి బిడ్డని కని దుఃఖపడిన 1,817 మంది తల్లులు అందులో చేరారు. ఎవరికి ఫోలిక్ యాసిడ్ అందుతోందో, ఎవరికి అందడం లేదో వాళ్లకీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు. లోపమున్న 27 మంది బిడ్డల్లో, ఫోలిక్ యాసిడ్ అందినవాళ్లకి పుట్టింది 6, అందనివాళ్లకి 21. ఇంత తేడా కనిపించాక పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఆ తల్లుల గురించి నేను ఎన్నోసార్లు ఆలోచించాను. తనకి ఏ మాత్ర అందుతోందో తెలియకపోయినా, రాబోయే తల్లులకి తెలియాలని ఒప్పుకున్నారు కదా! ఇప్పుడు మా మనవరాలు పెరట్లో కోడిపిల్లల వెంట పరుగెడుతోంది.

ఆకుకూరలు, పెసలు, శనగలు, అలసందల్లో ఇది బాగా ఉంటుంది. ఆకుకూర ఎక్కువసేపు ఉడికించి నీళ్లు వార్చి పారబోస్తే చాలావరకు అందులోనే పోతుంది. కానీ బిడ్డ కావాలనుకునేవాళ్లకి కూర ఒక్కటే చాలదు, మాత్ర కావాలి.

మూడోది మా తోడికోడలి మాత్ర, మెథోట్రెక్సేట్. పొద్దున్న లేస్తే వేళ్లు మడతపడక, కొబ్బరి కోరలేక, పిల్లకి జడ వేయలేక ఏడ్చేది. ఈ మందు పుట్టుక వింటే ఆశ్చర్యమేస్తుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుకి, పిల్లల రక్త క్యాన్సర్‌లో ఫోలిక్ యాసిడ్ జాతి మందులిస్తే జబ్బు పెరుగుతున్నట్టు కనిపించింది. అయితే దానికి విరుగుడు ఇస్తే? సుబ్బారావుగారి ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి దాన్ని అడ్డుకునే మందులు తయారుచేసిచ్చింది. వాటిలో ఒకదాన్ని 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. అంతకుముందు ఆ జబ్బుకి ఆశే లేదు. ఆ తర్వాత వచ్చిన తమ్ముడి లాంటి మందే మెథోట్రెక్సేట్. తక్కువ మోతాదులో ఇస్తే కీళ్లవాతానికీ పనిచేస్తుందని 1985 నాటి పరీక్షల్లో తేలింది.

ఇది కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకునే మందు. రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి, నోరు పుండై, ప్రాణం మీదికొస్తుంది. మా ఇంట్లో క్యాలెండరులో ఆదివారాలకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. డాక్టరు చెప్పిన మరో రోజు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటుంది. విరుగుడుకే మళ్లీ విరుగుడు! కడుపుతో ఉన్నవాళ్లూ, కావాలనుకునేవాళ్లూ ఈ మందు దగ్గరికే పోకూడదు. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇంత చేసిన మనిషి జీవితం మాత్రం సుఖంగా సాగలేదు. 1895లో పుట్టి, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు. తోడబుట్టినవాళ్లని స్ప్రూ అనే విరేచనాల జబ్బు మింగేసింది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖద్దరు కట్టాడని దొరగారికి కోపమొచ్చి, పెద్ద డిగ్రీకి బదులు చిన్న డిగ్రీతో సరిపెట్టారట. మామగారి సాయంతో చదివి, 1923లో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రి కూలీగా పనిచేస్తూ నిలదొక్కుకున్నాడు. ఆ స్ప్రూకి తర్వాత పనికొచ్చిన మందుల్లో ఆయన ఫోలిక్ యాసిడ్ ఒకటి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో నిద్రలోనే పోయాడు. మళ్లీ మన దేశం రానేలేదు.

ఇక్కడ ఆయన భార్య శేషగిరిగారున్నారు. 1919లో పెళ్లి. ఆయన ఓడ ఎక్కేనాటికి ఆమె కడుపుతో ఉంది. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. భర్త వస్తాడని పాతికేళ్లు ఎదురుచూసింది. మందుల చరిత్ర రాసినవాళ్లు ఆమెకి ఒకటి రెండు వాక్యాలకన్నా ఇవ్వరు. మనం ఆడవాళ్లం కాబట్టి ఆమె బాకీ కూడా గుర్తుపెట్టుకుందాం.

చివరిగా ఒక చిన్న పని. ఈ ఆదివారం మీ మందుల డబ్బా కింద దింపండి. గడువు దాటినవి తీసేయండి. మిగిలిన ప్రతి అట్ట మీదా ఎవరిది, దేనికి, ఎప్పుడు వేసుకోవాలి అని తెలుగులో రాసి అంటించండి. వారానికోసారి వేసుకునేవి విడిగా పెట్టండి. తెలియనిది ఉంటే డాక్టరునో, ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్తనో అడగండి. అడిగితే తప్పు లేదు. లూసీ విల్స్ బొంబాయిలో మొదలుపెట్టింది కూడా "ఎందుకు?" అన్న ఒక్క మాటతోనే కదా!