పూలతోటల ఊళ్ళో పదిమంది లెక్క

బ్రిస్బేన్ నుంచి వారెగో హైవే మీద పడమరగా సుమారు 125 కిలోమీటర్లు వెళ్తే, చివర్లో కొండ ఎక్కగానే వచ్చే ఊరు టూవూంబా. దాదాపు 700 మీటర్ల ఎత్తు. వేసవిలోనూ సాయంత్రానికి చల్లగాలి వీస్తుంది. ‘గార్డెన్ సిటీ’ అని ముద్దుపేరు. ఏటా సెప్టెంబరులో పూల కార్నివాల్ చూడటానికి జనం తరలివస్తారు. ప్రాజెక్టు పని మీద ఇక్కడికి మారిన కొత్తలో, పిక్నిక్ పాయింట్ నుంచి లోయ చూసి మా ఆవిడ "అచ్చం మన హార్స్‌లీ హిల్స్‌లా ఉందండీ" అంది.

ఇవన్నీ టూరిస్టు పుస్తకాల్లో ఉంటాయి. నేను చెప్పబోయేది ఇంకొక సంగతి.

1870ల దశకంలోనే ఈ ఊరి యూదులు ఒక సినగాగ్, అంటే ప్రార్థనాలయం, కట్టుకున్నారు. బ్రిస్బేన్ మార్గరెట్ స్ట్రీట్‌లోని పేరున్న సినగాగ్ 1886 నాటిది. అంటే రాజధాని కంటే ముందే అన్నమాట! కానీ తరవాత ఇక్కడి గుడి దీపం ఆరిపోయింది. ఎవరూ కూలగొట్టలేదు, ఎవరూ తరిమేయలేదు. యూదుల సంప్రదాయంలో సామూహిక ప్రార్థనకి కనీసం పదిమంది పెద్ద మగవాళ్ళు ఉండాలి. చిన్న ఊళ్ళలో పిల్లలు చదువులకీ వ్యాపారాలకీ సిడ్నీ, మెల్‌బోర్న్ వెళ్ళిపోయారు. కొందరు బయటి సంబంధాలు చేసుకున్నారు. పది తొమ్మిదయింది, తొమ్మిది ఆరయింది.

అలాగని వాళ్ళు ఈ దేశంలో ఎదగలేదా అంటే, బ్రహ్మాండంగా ఎదిగారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా సేనల్ని నడిపిన జాన్ మొనాష్ యూదుడే. ఇక్కడి వంద డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ చూడొచ్చు. 1931లో గవర్నర్ జనరల్ అయిన ఐజాక్ ఐజాక్స్ కూడా యూదుడే. అయినా హిట్లర్ బారి నుంచి తప్పించుకుని వచ్చిన శరణార్థులకి, ఇక్కడి యూదుల సంక్షేమ సంఘమే ఏమని సలహా ఇచ్చిందో తెలుసా? వీధుల్లో, ట్రాముల్లో జర్మన్ మాట్లాడొద్దు, గొంతు తగ్గించండి, గుంపుగా నడుస్తూ నలుగురి కంటా పడకండి అని! చెప్పింది పరాయివాళ్ళు కాదు, సొంతవాళ్ళే. ఆ భయం ఎంతటిదో ఊహించండి.

ఇది చదివినప్పుడు నాకు మా అబ్బాయి గుర్తొచ్చాడు. అయిదో క్లాసు. "నాన్నా, స్కూల్ గేటు దగ్గర నన్ను తెలుగులో పిలవకు, ప్లీజ్" అన్నాడు. వాడికి ఏ సంఘమూ కాగితం ఇవ్వలేదు. తనంతట తనే నేర్చుకున్నాడు.

ఇంకో వింత వినండి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఇజ్రాయెల్ సంతతి అని నమ్మే బెనే ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. 1991లో సినగాగ్ కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, ప్రార్థనకి కష్టపడి నేర్చుకున్న హీబ్రూ. రెండూ ఒక ఇంట్లో ఇమడవని ఎవరన్నారు?

ఇప్పుడు టూవూంబాలో ఇరాక్ నుంచి వచ్చిన యజిదీలు వేలల్లో ఉన్నారు. పార్కులో వాళ్ళ అమ్మమ్మలు కుర్దిష్‌లో గట్టిగా పిలుస్తుంటే, మనవలు ఇంగ్లీషులో జవాబిస్తారు. మన ఇళ్ళలో వినని సీనా ఇది?

మా వాడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. గేటు దగ్గర నీ ఇష్టం, కారు తలుపు పడిందంటే మాత్రం తెలుగే. వాడు బేరమాడి, క్రికెట్ స్కోరుకి మినహాయింపు పుచ్చుకున్నాడు. మా ఫీల్డ్‌లో ఒక సామెతుంది లెండి: బ్యాకప్ ఒక్కచోటే ఉంటే లేనట్టే. అందుకే ప్రతి శనివారం మా ఇంట్లో తెలుగు క్లాసు పెట్టాం. గుణింతాలు నేను, పద్యాలు మా ఆవిడ, పకోడీలు ఇద్దరం.

పిల్లలూ, ప్రస్తుతం ఏడుగురున్నారు. ఈ సెప్టెంబరులో పూలు చూడటానికి వచ్చేవాళ్ళు శనివారం వచ్చారంటే, ఆ ఒక్క రోజైనా పదిమంది అవుతాం.